జపమాల చేతికొచ్చాక గిటారును ఏం చేయాలి?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు ఎక్కడా రాకూడదన్నారు, సొంతూరు చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆయనది కొవ్వూరు, వయసు 32. పై చదువుకు 2015లో అమెరికా వెళ్లి, ఇప్పుడు హెచ్‌1బి వీసా మీద ఒక బీమా కంపెనీలో డేటాబేస్ పని చూస్తున్నారు. పెళ్లయి నాలుగేళ్లు, రెండేళ్ల పాప ఉంది. 2018లో సహోద్యోగి ఒకరు న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక అద్దె ఇంటి బేస్‌మెంట్‌లో జరిగే పంక్ షోకు ఆయనను తీసుకువెళ్లారు. పంక్ అంటే వేగంగా, పెద్ద చప్పుడుతో, తిరుగుబాటు ధోరణిలో సాగే రాక్ సంగీతం. తలకు తగిలేంత కిందికి ఉన్న పైకప్పు, చెమ్మ పట్టిన గోడలు, ఆ ఇరుకులో అరవై మంది. నాలుగో పాటకు గుంపులో కాలు జారి పడిపోయారట. ఇక తొక్కేస్తారనుకున్న క్షణంలో ఎవరివో చేతులు చంకల కింద దూరి ఆయనను లేపి నిలబెట్టాయి. లేపినవాళ్లు ఆయన ముఖమైనా చూడకుండా మళ్లీ ఎగరడంలో పడిపోయారు. "ఆ పాట అయిపోయేదాకా నేను అనేవాడు లేడు. చిన్నప్పుడు గుళ్లో కళ్లు మూసుకుని ఎంత వెతికినా దొరకనిది అక్కడ దొరికింది" అని రాశారు.

ఆ ఏడాదే బేస్ గిటారు కొని నేర్చుకుని, నలుగురి బృందంలో చేరారు. అందులో డ్రమ్ములు వాయించే అమ్మాయి చేతులే ఆనాడు తనను లేపిన చేతుల్లో రెండని తరువాత తెలిసింది. 1980ల నాటి న్యూయార్క్ హార్డ్‌కోర్ (పంక్‌లోనే మరింత వేగంగా, కరకుగా ఉండే శాఖ) రికార్డులు వింటూ, వాటిలో కృష్ణుడి ప్రస్తావన కనిపించి ఆశ్చర్యపోయి, ఆ దారినే వెతుక్కుంటూ ఒక వైష్ణవ ఆశ్రమానికి చేరారు. ఎనిమిది నెలలుగా తెల్లవారుజామున మూడున్నరకు లేచి రోజుకు పదహారు మాలల జపం చేస్తున్నారు. మాంసం, కాఫీ మానేశారు. ఆశ్రమంలోని పెద్ద ఒకరు "ఆ సంగీతం తామసం, గిటారు అమ్మేసి ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చేయండి" అన్నారు. డ్రమ్ములు వాయించే అమ్మాయి మరొక స్త్రీని ప్రేమించి ఆమెతో కాపురముంటున్న మనిషి. "మెడలో పూసలు పడ్డాక నువ్వు నా కళ్లలోకి చూడటం మానేశావు" అని ఆమె అంది. ఊళ్లో అమ్మగారు ఫోనులో ఏడ్చి, "మన ఊళ్లోనే గౌడీయ మఠం ఉంది కదరా, ఒక్కనాడైనా గడప తొక్కావా?" అన్నారు. అదీ ఇదే కృష్ణ భక్తి సంప్రదాయపు మఠం. భార్యకు జపం సంగతి తెలుసు, ఆశ్రమానికి వెళ్లిపోవాలన్న ఆలోచన తెలియదు. ఇటీవలి షోలో వేదిక చుట్టూ నీలి వెలుగు కనిపించిందనీ, తరువాత ఆఫీసులో కూడా రెండుసార్లు కనిపించిందనీ ఉత్తరం చివర ఒక్క వాక్యం ఉంది. ఆ బేస్‌మెంట్‌లో కలిగింది నిజమైన ఆధ్యాత్మిక అనుభవమా లేక ఒంటి వేడి మాత్రమేనా, గిటారు వదలాలా, ఇల్లు వదలాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీరు చివర ఒక్క వాక్యంలో దాటవేసిన సంగతితోనే నేను మొదలుపెడతాను. రోజుకు నాలుగు గంటల నిద్రతో ఎనిమిది నెలలుగా నెట్టుకొస్తున్నానని మూడో పేజీలో రాశారు, నీలి వెలుగు సంగతి పదకొండో పేజీలో రాశారు. ఈ రెండూ ఒకే ఒంట్లో జరుగుతున్నాయన్నది మీకు తట్టినట్టు లేదు. ఆ వెలుగు దైవికమా కాదా అని తేల్చే అర్హత నాకు లేదు. కానీ నిద్ర కరువైన మెదడు వెలుగులు చూపిస్తుంది, మైగ్రేన్ చూపిస్తుంది, కంటి జబ్బులు కొన్ని చూపిస్తాయి. మనసుకు వచ్చే కొన్ని జబ్బులైతే సరిగ్గా ఇలాగే, నిద్ర అక్కర్లేదనిపించే ఉత్సాహంతోనే మొదలవుతాయి.

మీరు పంక్ అభిమాని కాబట్టి పాలీ స్టైరీన్ మీకు తెలిసే ఉంటుంది. ఎక్స్-రే స్పెక్స్ అనే పంక్ బృందపు గాయని, పళ్లకు క్లిప్పు పెట్టుకునే వేదికెక్కి, కొనుగోళ్ల సమాజాన్ని కేకలతో వెక్కిరించిన అమ్మాయి. 1978లో ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో ఒక కచేరీ తరువాత హోటలు కిటికీలోంచి ఆమెకు గులాబి రంగు వెలుగు కనిపించింది. వైద్యులు స్కిజోఫ్రేనియా అన్నారు. అది తప్పనీ, అసలు జబ్బు బైపోలార్ (అతి ఉత్సాహమూ కుంగుబాటూ మారి మారి వచ్చేది) అనీ తేలడానికి 1991 దాకా పట్టింది. ఆ నడిమి ఏళ్లలోనే ఆమె హరేకృష్ణ ఉద్యమంలో చేరి, బీటిల్స్ అనే రాక్ బృందపు జార్జ్ హారిసన్ 1973లో ఇచ్చిన హర్ట్‌ఫర్డ్‌షైర్ భవనం, భక్తివేదాంత మేనర్‌లో కొంతకాలం నివసించారు. ఆమె భక్తి బూటకమని ఎవరూ అనలేదు, 2011లో చనిపోయేదాకా ఆమె దాన్ని వదల్లేదు. అయితే భక్తితో పాటు జబ్బు కూడా ఉంది, ఆ జబ్బుకు సరైన వైద్యం ఏళ్ల తరబడి అందలేదు. ఆమెతో పాటు ఆ భవనంలో పసితనం గడిపిన కూతురు సెలెస్ట్ బెల్ చివరకు అమ్మమ్మ దగ్గర పెరిగారు. తల్లి మీద ప్రేమ, తల్లి లేమి, రెండింటినీ ఆమె దాచుకోకుండా చెప్పారు. 2021లో తల్లి మీద తానే కలిసి దర్శకత్వం వహించిన డాక్యుమెంటరీలో ఆ రెండూ కనిపిస్తాయి. మీకు రెండేళ్ల పాప ఉంది కాబట్టి ఈ కథ కాస్త పొడిగించి చెప్పాను.

కాబట్టి గిటారు గురించి, ఆశ్రమం గురించి ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు వైద్యుణ్ణి కలవండి. నిద్ర లెక్క, వెలుగు సంగతి, ఈ మధ్య ఉత్సాహం ఎలా ఉంటోందో, అన్నీ దాచకుండా చెప్పండి. ఆరు వారాలపాటు ఏడు గంటలు నిద్రపోయి చూడండి, జపం అందుకు తగ్గట్టు తగ్గించుకోండి. ఏడు గంటల నిద్రకు నిలబడని వైరాగ్యమైతే, దాని మీద ఇల్లు వదిలే నిర్ణయం తీసుకోవడం ప్రమాదం.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆ బేస్‌మెంట్‌లో మీకు కలిగినది నిజమే. గట్టి తాళం, గుంపు, ఒంటి అలసట, భయం, ఆ వెంటనే భయం తీరడం, ఇవన్నీ కలిసినప్పుడు "నేను" అన్నది కాసేపు జారిపోవడం మనుషులకు కొత్త కాదు. జాతరలో గరగ ఎత్తుకున్నవాడికీ, తెల్లవార్లూ భజన చేసినవాడికీ ఇది తెలుసు. ఒంటి ద్వారా వచ్చింది కాబట్టి అబద్ధమని నేను అనను, మనకు ఏది వచ్చినా ఒంటి ద్వారానే కదా వచ్చేది. కానీ ఆ రాత్రి జరిగినవి రెండు. మీరు మాయమయ్యారు, అది ఒకటి. ముఖమైనా చూడకుండా ఎవరో మిమ్మల్ని లేపారు, అది రెండోది. గుంపులో పడినవాణ్ణి వెంటనే లేపాలన్నది పంక్ షోలలో ఎవరూ గోడకు అంటించకుండానే అందరూ పాటించే ఆచారం. ఏడేళ్లుగా మీరు మొదటిదాని వెంటే పరుగెడుతున్నారు. బేస్ నేర్చుకున్నది దానికోసం, రికార్డులు వెతికింది దానికోసం, ఇప్పుడు మూడున్నరకు లేస్తున్నది కూడా దానికోసమే. రెండోదాని గురించి మీ ఉత్తరంలో ఆ నాలుగు వాక్యాలే ఉన్నాయి. మిమ్మల్ని లేపిన మనిషి కళ్లలోకి ఇప్పుడు మీరు చూడటం మానేశారన్న వాక్యం కూడా అంతే నిర్లిప్తంగా ఉంది.

పంక్ నుంచి జపమాల దాకా మీరు వచ్చిన దారి వింతదేమీ కాదని మాత్రం మీకు ధైర్యం చెప్పగలను. న్యూయార్క్‌లో 1966లో భక్తివేదాంత స్వామి హరేకృష్ణ ఉద్యమం మొదలుపెట్టిన దుకాణపు గది సెకండ్ అవెన్యూ 26వ నంబరులో ఉంది. 1973లో తెరిచి పంక్‌కు పుట్టిల్లయిన సీబీజీబీ క్లబ్బు బవరీ 315వ నంబరులో ఉండేది. రెండింటి మధ్య నడక అయిదారు నిమిషాలు మించదు. 1977లో లండన్ కుర్రాళ్లు భవిష్యత్తే లేదని అరిచారు. అన్నింటినీ కాదన్నాక మిగిలేదేమిటన్న ప్రశ్న ఆ అరుపులోనే ఉంది. కొందరికి జవాబుగా హెరాయిన్ దొరికింది. దాన్ని కాదన్న వాషింగ్టన్ బృందం మైనర్ థ్రెట్ 1981లో 46 సెకన్ల పాటలో మత్తు అనే ఊతకర్ర నాకక్కర్లేదని చెప్పేసింది. ఆ పాట పేరే, స్ట్రెయిట్ ఎడ్జ్, ఒక జీవన విధానానికి పేరైంది. ఇక వైష్ణవుల నాలుగు నియమాలు చూడండి: మాంసం లేదు, మత్తు లేదు, జూదం లేదు, అక్రమ సంబంధం లేదు. స్ట్రెయిట్ ఎడ్జ్ కుర్రాడికి అవి పరాయి మతపు ఆంక్షల్లా కనిపించలేదు, తాను అప్పటికే సగం నడిచిన దారిలా కనిపించాయి. ఆ పేటలో ఉచితంగా పెట్టే ప్రసాదానికి ఆకలితో వెళ్లి, వింటూ వింటూ మిగిలిపోయినవాళ్లూ ఉన్నారు. క్రో-మ్యాగ్స్ బృందం 1986లో తెచ్చిన ఆల్బమ్ పేరుకు అర్థం కలహ యుగం, అంటే కలియుగం. పంచాంగంలో మనం రోజూ చూసి దాటవేసే మాట అది. దాన్ని వాళ్లు అణుబాంబు పుట్టగొడుగు మేఘం బొమ్మ మీద అచ్చు వేశారు.

ఆ కాలంలో న్యూయార్క్‌లో చదువుకుంటూ ఒక ఆదివారం మధ్యాహ్నం, స్నేహితుడి పోరు పడలేక, నేనూ సీబీజీబీ మ్యాటినీకి వెళ్లాను. చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేకపోయింది. మరుగుదొడ్డి వైపు వెళ్లి, వెళ్లిన కాళ్లతోనే వెనక్కు వచ్చాను. బయట పేవ్‌మెంటు మీద, గుండు చేయించుకుని తులసి పూసలు వేసుకున్న ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు నన్ను చూసి, మీది ఇండియానేనా, వృందావనం చూశారా అని అడిగాడు. లేదన్నాను. అతను నావైపు చూసిన జాలి చూపు నాకిప్పటికీ గుర్తుంది. మీ అమ్మగారు ఫోనులో అన్న మాట చదివినప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. మనది మనకు పరాయివాడి చేతి మీదుగా అందితే సిగ్గుపడాలనేమీ లేదు. మీరు సిగ్గుపడుతున్నారని మాత్రం ఉత్తరం చెబుతోంది, ఆ సిగ్గు తీర్చుకోవడానికే అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివిన భక్తుడినని నిరూపించుకోవాలనే తొందర మీలో ఉందేమోనని నా అనుమానం.

గిటారు సంగతికి వస్తాను. ఆశ్రమంలోని ఆ పెద్దమనిషి సంప్రదాయం గురించి నాకంటే ఎక్కువ తెలిసినవారే అయి ఉండవచ్చు, కానీ ఈ విషయంలో ఆయన మాటే ఆ సంప్రదాయపు చివరి మాట కాదు. 1969లో జార్జ్ హారిసన్ లండన్‌లోని భక్తుల చేత హరేకృష్ణ మంత్రాన్ని రికార్డు చేయించి బీటిల్స్ సొంత కంపెనీ నుంచి విడుదల చేశాడు, భక్తివేదాంత స్వామి కాదనలేదు. యూత్ ఆఫ్ టుడే అనే స్ట్రెయిట్ ఎడ్జ్ బృందపు గాయకుడు రే కాపో ఇండియాకు వచ్చి వెళ్లి, వైష్ణవ సన్యాసుల మధ్య బ్రహ్మచారిగా ఉంటూనే షెల్టర్ అనే హార్డ్‌కోర్ బృందాన్ని నడిపాడు. ఆ ధోరణికి కృష్ణాకోర్ అనే పేరు కూడా వచ్చింది. తరువాత అతను బ్రహ్మచర్యం నుంచి బయటకు వచ్చి, పెళ్లి చేసుకుని, పిల్లల తండ్రియై, యోగా నేర్పుతూ, భాగవతం గురించి మాట్లాడుతూ బతుకుతున్నాడు. కాషాయం కట్టడమూ అది విడవడమూ రెండూ జరిగాక కూడా అతని భక్తి మిగిలింది.

అయితే గిటారు ఉంచుకుంటే ఏ చిక్కూ ఉండదని అనుకోకండి. పదహారు మాలలంటే 1728 సార్లు మంత్రం, దాదాపు రెండు గంటలు. వారంలో రెండు సాయంత్రాలు రిహార్సలు, నెలకు రెండు షోలు, అర్ధరాత్రి ఇంటికి రావడం, మూడున్నరకు లేవడం. రోజులో గంటలు ఇరవై నాలుగే కాబట్టి ఇప్పటిదాకా ఈ ఖర్చంతా నిద్ర లోంచి, పాప లోంచి తీస్తున్నారు. బృందంలో ఉండదలిస్తే మాలలు నాలుగు చేసుకుని మిగతా కాలం ఇంటికివ్వండి. మాలలే ముఖ్యమనుకుంటే బృందానికి ముందుగా చెప్పి, ఒప్పుకున్న షోలు పూర్తిచేసి, వాళ్లకు మరొక బేసిస్టు దొరికేదాకా ఆగి తప్పుకోండి. గిటారు అమ్మడం మాత్రం ఈ ఏడాది వద్దు. అమ్మితే వచ్చేది ఏ నాలుగైదు వందల డాలర్లో. త్యాగం చేశానన్న తృప్తి అంత చవకగా దొరికితే, దాని మత్తులో తరువాతి త్యాగం ఇంకా పెద్దది చేయబుద్ధవుతుంది. బేస్‌మెంట్‌లో మొదటిసారి కలిగిన ఊపు లాంటిదే అది కూడా.

డ్రమ్ములు వాయించే అమ్మాయి విషయంలో మీకు నా మాట కటువుగా అనిపించవచ్చు. బ్యాడ్ బ్రెయిన్స్ సంగతి మీకు తెలుసు. మనసును మంచివైపు నిలపాలని పాటల్లో ఎలుగెత్తి చెప్పిన నల్లజాతి సంగీతకారులు వాళ్లు, జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతం స్వీకరించినవాళ్లు, హార్డ్‌కోర్‌కు ఆధ్యాత్మిక దాహం నేర్పింది వాళ్లే అంటే అతిశయోక్తి కాదు. ఆ బృందమే 1982లో ఆస్టిన్‌లో, తమను ఆదరించిన స్థానిక బృందంలోని గాయకుడు స్వలింగ ప్రేమికుడని తెలిసి అవమానించి వెళ్లింది. ఆ పుండు పంక్ లోకంలో ఏళ్ల తరబడి మానలేదు. అంత పెద్ద వెలుగు చూసినవాళ్లు ఎదుట ఉన్న మనిషిని చూడలేకపోయారు. మీరు ఆమెను ఏమీ అనలేదని రాశారు, నమ్ముతాను. అనకుండా కళ్లు తిప్పుకోవడం ఆమెకు వినిపించింది. ఈ ఎనిమిది నెలల్లో మీలో వచ్చిన మార్పు ఎలాంటిదో చెప్పడానికి మీ దగ్గర ఇప్పటికున్న సాక్ష్యం ఆమె ఒక్కతే. వెళ్లి క్షమాపణ అడగండి. మీ మత నియమాల గురించి వివరణ ఇవ్వడానికి ఆ సందర్భం వాడుకోకండి.

ఇల్లు వదిలే ప్రశ్న వీటన్నిటికంటే బరువైనది, ఉత్తరంలో మీరు దీని గురించే తక్కువ రాశారు. ముందు కాగితాల సంగతి చెబుతాను, వైరాగ్యం గురించి అడిగితే వీసా గురించి చెబుతున్నారేమిటని విసుక్కోకండి. ఉద్యోగం వదిలిన రోజు నుంచి హెచ్‌1బి వారికి దేశంలో ఉండటానికి ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులు, అనుమతి కాలం అంతకంటే ముందే ముగిస్తే అంతకంటే తక్కువ. మీ భార్య హెచ్‌4 మీద ఉన్నారు, అంటే మీ ఉద్యోగమే ఆమె కాళ్ల కింది నేల. మత సేవకులకిచ్చే ఆర్‌1 వీసాకు దరఖాస్తు నాటికి కనీసం రెండేళ్లుగా ఆ మతశాఖలో సభ్యులై ఉండాలి, మీకు ఎనిమిది నెలలే అయింది. ఇంకొకటి: షోలలో తలుపు దగ్గర వసూలైన డబ్బు పంచుకుని తలా నలభై డాలర్లు తీసుకుంటున్నామని సరదాగా రాశారు. హెచ్‌1బి మీద ఉన్నవారు వీసా ఇప్పించిన సంస్థ దగ్గర తప్ప మరెక్కడా సంపాదించకూడదు. ఆ నలభై డాలర్లు ఈ రోజు నుంచే మానేసి, జరిగినదానితో సహా అన్నీ ఇమిగ్రేషన్ న్యాయవాదికి చెప్పండి.

ఇక మీ ముందున్న దారులు. ఆశ్రమానికే వెళతానంటే, పాప పుట్టింది కాబట్టి జన్మంతా ఇంట్లో కూర్చోవాలని నేను శాసించను. కానీ ఆ దారిలో వెళితే మీ భార్య, పాప ఇండియాకు తిరిగి రావలసి ఉంటుంది, వాళ్ల పోషణ ఎవరు చూస్తారన్నది మీరు బయలుదేరే ముందే తేలాలి, కొన్నేళ్లకు మనసు మారి వెనక్కు వస్తే ఉద్యోగమూ కాపురమూ మీకోసం ఆగి ఉంటాయన్న భరోసా ఉండదు. వెళ్లే చోటి గురించి కూడా విచారించండి. డబ్బు లెక్కలు ఎవరు చూస్తారు, పెద్దలను ప్రశ్నించే వీలుందా, వదిలి వెళ్లినవాళ్లు ఏమంటున్నారు అని అడగండి. కాలిఫోర్నియాలో పంక్ నుంచే వచ్చి బౌద్ధ ధ్యానం నేర్పుతూ పేరు తెచ్చుకున్న ఒక గురువు మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు వచ్చి, 2018లో ఆ కేంద్రాలు మూతపడ్డాయి. ఒంటినిండా పచ్చబొట్లు ఉన్న తిరుగుబాటుదారుడు కాబట్టి మామూలు గురువుల్లా ఉండడని శిష్యులు నమ్మారు. పోలీసులనూ ప్రభుత్వాన్నీ ప్రశ్నించే మీరు, గిటారు అమ్మేయమన్న మనిషిని ఎందుకని ఒక్క ప్రశ్నైనా అడగలేదని ఉత్తరంలోనే రాశారు. పంక్ మీకు నేర్పింది అదొక్కటే అయినా సరే, ఆశ్రమం గుమ్మం బయట చెప్పులతో పాటు దాన్ని విడవకండి.

అన్నీ వదిలేసి పాత రోజులకే, బృందానికే తిరిగి వెళ్లిపోతానంటారా, అదీ ఒక దారే. ఇంట్లో వాళ్లకు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. కానీ మీరు జపంలో వెతుకుతున్నది నిజంగా ఏదో ఉంటే, అది రెండేళ్లకో అయిదేళ్లకో మళ్లీ తలుపు తడుతుంది, అప్పుడు ఈసారి ఆగిపోయినందుకు భార్యను నిష్ఠూరమాడే ప్రమాదం ఉంది.

ఒహాయోలో జీరో డిఫెక్ట్స్ అనే హార్డ్‌కోర్ బృందంలో బేస్ వాయించిన బ్రాడ్ వార్నర్ అనే ఆయన ఉన్నారు. బేసిస్టు కాబట్టి మీకు దగ్గరి చుట్టం. జెన్ అనే బౌద్ధ ధ్యాన అభ్యాసం పట్టుకుని జపాన్ వెళ్లి, అక్కడ అల్ట్రామ్యాన్ కార్యక్రమాలు తీసే సంస్థలో, అంటే రబ్బరు తొడుగుల రాక్షసులు బొమ్మ నగరాలను తొక్కే వ్యాపారంలో, ఉద్యోగం చేస్తూ రోజూ గోడకు ఎదురుగా కూర్చున్నారు. గూడో నిషిజిమా అనే గురువు దగ్గర దీక్ష తీసుకున్నది ఆ ఉద్యోగంలో ఉండగానే. ధ్యానం విసుగ్గానే ఉంటుందనీ, వెలుగులూ పారవశ్యాలూ వస్తే వాటిని పట్టించుకోవద్దనీ ఆయన చెబుతూ వచ్చారు. ఇల్లూ ఉద్యోగమూ వదలకుండా సాధన చేసే ఈ దారిలో మీకు నష్టం ఒకటుంది: చెప్పుకోవడానికి కథ ఉండదు. ఉద్యోగం అదే, అపార్టుమెంటు అదే, అదే రైలు. బేస్‌మెంట్‌లో ఒక్క పాటలో దొరికినది ఇక్కడ పదేళ్లకైనా దొరుకుతుందన్న హామీ లేదు. నా మొగ్గు దీనివైపే, దాచను. నేను ఇంటి మనిషిని కాబట్టి నా మొగ్గు ఇటే ఉంటుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

మీ ఊరు బయటపెట్టడానికి అనుమతి అడిగింది మీ అమ్మగారి మాట కోసం. మీరు పట్టుకున్న ఈ భక్తి దారికి మూలపురుషుడైన చైతన్యుడు సన్యాసం తీసుకున్న కొత్తలో దక్షిణ యాత్రకు వచ్చినప్పుడు గోదావరి గట్టున రామానంద రాయలను కలుసుకున్నాడు. మీ ఊళ్లో ఆ మఠం ఉన్నది ఆ కలయిక గుర్తుగానే. చైతన్య చరితామృతం ప్రకారం రామానందుడు గజపతి ప్రతాపరుద్రుడి తరఫున ఆ ప్రాంతాన్ని ఏలే అధికారి, పల్లకీలో మేళతాళాలతో నది స్నానానికి వచ్చాడు. ఆ సంభాషణలో ప్రశ్నలు అడిగింది సన్యాసి, జవాబులు చెప్పింది అధికారి. ఒక్కొక్క జవాబుకూ చైతన్యుడు, ఇది పైపైది, ఇంకా ముందుకు చెప్పు అంటూ పోయాడు. ఆ మాటలు పది రోజులు సాగాయి. మరునాడే రామానందుడు రాజీనామా చేయలేదు. చైతన్యుడు యాత్ర ముగించుకుని రెండేళ్లకు తిరిగి వచ్చేదాకా కొలువులోనే ఉన్నాడు, రాజుకు రాసి, అనుమతి తీసుకున్నాకే పూరీ వెళ్లాడు. రాజు జీతం కూడా ఆపలేదట, మీ బీమా కంపెనీ నుంచి అది మాత్రం ఆశించకండి. మీకు ఇంకా ఎనిమిది నెలలే అయింది. మీరు అనుమతి అడగవలసిన మనిషి పక్క గదిలోనే పాపను నిద్రపుచ్చుతున్నారు.

పదకొండు పేజీల్లో మీ భార్య గురించి ఉన్నవి ఆరు వాక్యాలు, లెక్కపెట్టాను. ఆమెకు ఏం చదవడమంటే ఇష్టమో, అమెరికాలో రోజంతా ఎలా గడుస్తోందో, తెల్లవారుజామున మూడున్నరకు మీ అలారం మోగితే ఆమెకు మళ్లీ నిద్ర పడుతుందో లేదో, వాటిలో ఏదీ లేదు. నాకు రాసిన ఉత్తరం యథాతథంగా ఆమెకు చదివి వినిపించండి, ఆశ్రమం పేజీలతో సహా. కోపగించుకుంటారు, ఏడుస్తారు, ఒకవేళ మీరు ఊహించని మాట ఏదైనా అనవచ్చు, తనకూ ఏదో కావాలని అనవచ్చు. ఆ రాత్రే ఏదీ తేల్చనక్కర్లేదు. అవసరమైతే ఇద్దరూ కలిసి ఒక కుటుంబ సలహాదారు దగ్గరకు వెళ్లండి. ఆమె మాట్లాడుతున్నంతసేపూ మాత్రం మీ కుడిచేయి జపమాల సంచిలో ఉండకుండా చూసుకోండి.